వరంగల్ చౌరస్తా జెండాల దుకాణంలో కుట్టించిన మా పడవ జెండా

ముందే చెప్పేస్తాను, దుకాణం పేరు రాయడం లేదు. రాస్తానంటే మాస్టరే వద్దన్నాడు. "ఎలక్షన్లొస్తే ఉన్న గిరాకీకే నిద్రుండది సార్, ఇంకా ఎవల్ని పంపకుండ్రి" అన్నాడు. వెతుక్కునే ఓపిక ఉన్నవాళ్ళకి ఆనవాలు మాత్రం ఇస్తాను. వరంగల్ చౌరస్తా నుంచి జేపీఎన్ రోడ్డులోకి పోతుంటే ఒక ఇరుకు సందు వస్తుంది. ఆ సందులో అన్ని పార్టీల కండువాలూ ఒకే తాడు మీద పక్కపక్కన వేలాడే గుమ్మం ఒక్కటే ఉంటుంది. బయట మాట్లాడుకోని వాళ్ళందరూ అక్కడ ఒకరి మీద ఒకరు వాలి ఊగుతుంటారు.

నేను సైన్యంలో బండ్లూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో మెకానిక్‌గా చేసి రిటైరై హన్మకొండలో స్థిరపడ్డవాణ్ణి. సర్వీసు చివరి ఏళ్ళు సికింద్రాబాద్‌లో గడిచాయి. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పందేలు జరిగితే పందెం నడిపించే కమిటీ బోటు మీద జెండాలు ఎగరేసే డ్యూటీ నాది. పడవ నడిపింది తక్కువ, తాడు లాగింది ఎక్కువ. అప్పటి మా రెస్క్యూ బోటు బ్యాచ్ ఎనిమిది మందిమి ఏటా జులైలో గాలులు మొదలయ్యాక కలుస్తాం. ఒకాయన దగ్గర ఎంటర్‌ప్రైజ్ రకం పాత చిన్న పడవ ఉంది, నీలం తెరచాపది. దానికి మనదంటూ ఒక బర్జీ ఉండాలని పోయినేడు తీర్మానం చేశాం. జెండా సంగతి కాబట్టి పని నా నెత్తిన పడింది.

బర్జీ అంటే యాట్ క్లబ్బు (తెరచాప పడవల క్లబ్బు) జెండా. ఎక్కువగా మూడు మూలలది. ఫలానా క్లబ్బు వాళ్ళ పడవ అని దూరం నుంచే తెలియడానికి మాస్టు మీద, అంటే తెరచాప కట్టే స్తంభం మీద కడతారు. ఐర్లాండ్‌లోని కార్క్ క్లబ్బు తన పుట్టుకను 1720 దాకా తీసుకుపోయి చెప్పుకుంటుంది. మన బొంబాయి క్లబ్బు 1846ది. న్యూయార్క్ క్లబ్బు 1844లో ఒక పడవ మీదే పుట్టింది. దాని బర్జీలో నీలం మీద ఎర్ర క్రాస్, నడుమ ఒక తెల్ల నక్షత్రం, అంతే. ఇంత పాతదీ, ఇంత డబ్బున్నదీ అయిన క్లబ్బు ఇంత తక్కువ బొమ్మతో ఎందుకు సరిపెట్టుకుందో నాకు అప్పట్లో తట్టలేదు. ఈ సందులో నిలబడ్డాక తట్టింది.

ముందు ఆన్‌లైన్‌లో చేయించాను. ఎవరి దగ్గరో చెప్పను గానీ 1,350 రూపాయలు, డెలివరీ అదనం. మా కరీంనగర్ మిత్రుడి కొడుకు కంప్యూటర్‌లో డిజైన్ చేసిచ్చాడు. అందులో కాకతీయ తోరణం, దాని మీద హంసలు, కింద లంగరు, పక్కన పాలపిట్ట, ఒక పడవ, మా బ్యాచ్ మొదటి అక్షరాలు మూడు, సంవత్సరం. ఎనిమిది మందీ ఒక్కొక్కరు ఒక్కోటి అడిగారు, పిల్లవాడు ఎవరి మాటా కాదనలేదు. ఫోన్‌లో చూస్తే పెళ్ళిపత్రిక లెక్క మెరిసింది. గుడ్డ మీద ఒకవైపే ప్రింట్ కొట్టి పంపారు. రెండో వైపు నుంచి అక్షరాలు తిరగబడి కనిపించాయి. డాబా మీద కర్రకు కట్టి చూస్తే రెండు వారాలకే కొస పోగులు లేచి చీపురైంది. నలిగిన జెండానే ఫోటో తీసి పంపితే "వాషింగ్ చేశారా" అని అడిగారు.

అప్పుడు మా వీధి గుడి పూజారి ఈ మాస్టర్ సంగతి చెప్పాడు. హనుమాన్ గుళ్ళకు కాషాయం జెండాలు, మేడారం జాతరకు పోయే బండ్లకు కట్టేవి, కాజీపేట దర్గా ఉర్సుకి పచ్చవి, బళ్ళో స్పోర్ట్స్ డేకి నాలుగు రంగులవి, మధ్యలో ఎలక్షన్లు. ఏడాదికి ఎన్ని కుడతావంటే "లెక్కవెడితే కుట్టబుద్ధి కాదు సార్" అన్నాడు.

"బర్జీ కావాలి మాస్టర్" అన్నాను.

"బజ్జీలు అవుతలి సందుల సార్."

ఫోన్ తీసి డిజైన్ చూపించాను. ఆయన తెరను వేళ్ళతో పెద్దది చేసి చూడలేదు. అందరం చేసే మొదటి పని అది. ఆయన పాత పేపర్ తీసుకుని, పొడవు 18 అంగుళాలు, కర్రవైపు వెడల్పు 12 అంగుళాలు కొలిచి మూడు మూలల ముక్క కోశాడు. దాని మీద పెన్నుతో నా డిజైన్‌ని అటూ ఇటుగా గీశాడు. తోరణం, పిట్ట, లంగరు, అన్నీ. "గా ట్రాన్స్‌ఫార్మర్ కాడ నిలవడుండ్రి" అన్నాడు. సందు చివర దాకా నడిచి తిరిగి చూశాను. ఆయన గుమ్మంలో ఆ కాగితం పట్టుకుని అటూ ఇటూ ఊపుతున్నాడు.

"ఏం కనవడుతంది?"

"కాగితం."

"దాని మీద?"

నిజం చెప్పాలంటే ఈగలు వాలినట్టుంది.

ఇక్కడ నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఈ పాఠం నాకు తెలిసి ఉండాల్సింది. పందెం జెండాలతో ఏళ్ళు గడిపాను. అంతర్జాతీయ సంకేత జెండాలు 26 అక్షరాలకూ ఉన్నాయి. అన్నింటికీ కలిపి వాడేది ఐదే రంగులు, ఎరుపు, నీలం, పసుపు, నలుపు, తెలుపు. నీళ్ళ మీద దూరం నుంచి ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోకుండా నిలబడే రంగులవి. పందెం మొదలవడానికి 5 నిమిషాల ముందు ఆ రకం పడవల జెండా ఎక్కాలి. 4 నిమిషాలప్పుడు మామూలుగా 'పి' జెండా, నీలం మీద తెల్ల చదరం. ఒక్క నిమిషం ఉందనగా పి దిగాలి. సున్నాకి మొదటిదీ దిగితే పడవలు గీత దాటొచ్చు. వాటితోపాటు హారన్ కొడతాం గానీ, హారన్ మోగకపోయినా రూల్ ప్రకారం టైమ్ లెక్క కంటికి కనిపించిన జెండాదే. అంత పట్టింపు.

ఆ పట్టింపులోనే నేనొకసారి దొరికిపోయాను కూడా. ఎవరో ఒకతను గీత ముందే దాటాడు. అప్పుడు 'ఎక్స్' జెండా ఎగరేయాలి, తెలుపు మీద నీలం క్రాస్. నేను 'ఎస్' ఎగరేశాను, తెలుపు మీద నీలం చదరం, పందెం దూరం తగ్గించామని దాని అర్థం. ఆ పూట గాలి పడిపోయి జెండా కర్రకు అతుక్కుని వేలాడుతోంది. అట్లా వేలాడేటప్పుడు రెండూ నీలం మరకలున్న తెల్ల తువ్వాలలే. మొదలైన అర నిమిషానికే పందేన్ని కుదించేసినోడని ఏడాది పొడవునా ఆడుకున్నారు. అంటే జెండా పరీక్ష గాలిలో ఒక్కటే కాదు, గాలి లేనప్పుడు కూడా. ఇది తెలిసినవాణ్ణి, పాలపిట్ట రెక్క మీద ఈకలు గీసిన డిజైన్ పట్టుకుని వచ్చాను.

మాస్టర్ ఒక్కోటీ తీసేయడం మొదలుపెట్టాడు. అక్షరాలు ముందు పోయాయి. రెండో వైపు తిరగబడతాయి, వద్దంటే రెండు పొరల గుడ్డ వేయాలి, వేస్తే బరువెక్కి చిన్న గాలికి లేవదు. లంగరు దగ్గర ఆగి, "హుస్సేన్ సాగర్ల పడవ యాడికి వోతది సార్, లంగరేసుడు దేనికి?" అన్నాడు. మా చిన్న పడవలో లంగరే ఉండదన్న సంగతి ఆయనకు చెప్పలేదు. హంసలు పోయాయి. సంవత్సరం పోయింది. పాలపిట్ట దగ్గర మాత్రం నేను గట్టిగా పట్టుబట్టాను, మన రాష్ట్ర పక్షి కదా అని. కాసేపు గుడ్డ తాన్లు తిరగేసి ఒక నీలం తీశాడు. "పిట్ట ఎగిరినప్పుడు మనకు కానచ్చేది గీ రంగే. పిట్టను వెట్టకుండ్రి, రంగు వెట్టుండ్రి." కాదనడానికి నా దగ్గర మాట లేదు. తంగేడు పువ్వు పసుపులో తోరణం వేద్దామని నేనంటే, నీలం మీద పసుపు కంటే తెలుపు శుభ్రంగా ఉంటుందన్నాడు. పోనీ తెల్ల తోరణం చుట్టూ పసుపు పట్టీ అంటే, "పసుపు పక్కన తెలుపు పగటీలి మిణుగురు" అని కొట్టేశాడు.

అట్లా మిగిలింది నీలం నేల, తెల్ల తోరణం. తోరణాన్ని నడుమ కాకుండా కర్రవైపుకు జరిపాడు. కొసవైపు జెండా ఎప్పుడూ కొట్టుకుంటూ ఉంటుంది, బొమ్మ అక్కడ నిలవదు, ముందు చిరిగేదీ అదే. అప్పుడు ఫోన్‌లో న్యూయార్క్ బర్జీ తీసి చూపించాను. ఆయన చూసి, "తెలివిగలోళ్ళే. ఎటు దిక్కు చూసినా ఒక్కతీరే ఉంటది" అన్నాడు. క్రాస్‌కీ చుక్కకీ ఎడమా కుడీ లేవు. మన తోరణానికీ లేవు. నాలుగు దిక్కులా నిలబెట్టిన కాకతీయులు అటు నుంచి వచ్చేవాడికీ ఇటు నుంచి పోయేవాడికీ ఒకే ముఖం చూపించారు కదా.

ఇక కుట్టు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

గుడ్డ పారాచూట్ గుడ్డ. గొడుగులకు వాడేలాంటి పల్చటి నైలాన్, తడిస్తే దులిపితే ఆరిపోతుంది. పార్టీ జెండాల సాటిన్ అడిగితే ఇస్తాడు గానీ వానకు బరువెక్కి వేలాడుతుందని తనే చెప్పాడు. కోతలో ఒక చిన్న సంగతి గమనించాను. మూడు మూలల జెండాలో పొడుగు అంచులు రెండూ పోగుకు ఏటవాలుగా, అంటే క్రాస్‌లో పడతాయి. క్రాస్‌లో కోసిన అంచు సాగుతుంది. ఒక అంచు పోగు వెంట, రెండోది క్రాస్‌లో కోస్తే ఒకవైపే సాగి జెండా మెలి తిరుగుతుంది. ఆన్‌లైన్ జెండా మెలి తిరిగింది ఇందుకేనని ఆ అంచు చూడగానే చెప్పాడు. ఈయన గుడ్డను మడిచి, నడుమ గీత సరిగ్గా నిలువు పోగు మీద పడేట్టు పెట్టుకుని, రెండు అంచులూ ఒక్క కోతలో కోశాడు. సాగితే రెండూ సమానంగా సాగుతాయి.

తోరణం అతికిన తీరు ఇంకా బాగుంది. తెల్ల గుడ్డ ముక్కను నీలం మీద పెట్టి చుట్టూ దగ్గర దగ్గరగా జిగ్‌జాగ్ కుట్టేశాడు. తర్వాత జెండా తిరగేసి, వెనక నుంచి చూపుడు వేలితో నీలం గుడ్డను ఒక్క పొర పైకి లేపి, చిన్న కత్తెర మొన దించి, కుట్టు లోపలివైపు దారమంత వదిలి నీలాన్ని కత్తిరించి తీసేశాడు. ఇప్పుడు వెనక నుంచీ అదే తెలుపు. తోరణం దగ్గర కూడా జెండా ఒకే పొర, బరువు లేదు. కత్తెర మొన అంగుళంలో పదోవంతు పక్కకు పోతే తెలుపుకు చిల్లు పడుతుంది, మళ్ళీ మొదటి నుంచి. అదంతా చేస్తూనే బయట కండువాల ధర అడిగిన కుర్రాడికి సమాధానం చెప్పాడు. నేను మాట్లాడటం మానేశాను.

మొనను సూదిలా వదలకుండా కొంచెం మొండి చేసి, మూడు మడతలు పెట్టి నాలుగు వరసలు కుట్టారు. ఆ పని వాళ్ళావిడది, రెండో మెషిన్ ఆమెదే. గుడి జెండాలకు ఎప్పుడూ ఇట్లాగే చేస్తారట. కర్రవైపు అంచుకు పైజామాకు పెట్టినట్టు నేఫా కుట్టి అందులోంచి తాడు దూర్చారు. పడవ తాడుకు తగిలించడానికి పైన గుబ్బ లాంటి కట్టె, కింద ముడి ఉండాలి. అది వాళ్ళెప్పుడూ చేయలేదు. నేను బొమ్మ గీసి చూపిస్తే, ఆమె చూసి "గిల్లి లెక్కనా అన్నా?" అని అడిగి, మనవడి గిల్లీనే తెచ్చి గాడి పెట్టి కట్టింది. ఇప్పటికీ అదే ఉంది.

సైజు గురించి చిన్న వాదన జరిగింది. అమెరికా వాళ్ళ పద్ధతిలో నీటి మట్టం నుంచి మాస్టు కొన దాకా ఎన్ని అడుగులుంటే అన్ని అరంగుళాలు బర్జీ పొడవు. ఆ లెక్కన మా పడవకు అడుగు కూడా అక్కర్లేదు. "గది జెండ కాదు, దస్తీ" అని మాస్టర్ 18 అంగుళాలకే ఖాయం చేశాడు. నాకు ఇప్పటికీ అది కొంచెం పెద్దదే అనిపిస్తుంది, కానీ మిగతా ఏడుగురూ ఆయన పక్షమే. గట్టు మీద పాతుకునే కర్రకు ఇంకోటి, మూడడుగులది చెప్పాను.

లోపాలూ చెప్పాలి. శుక్రవారం ఇస్తానన్నాడు, ఇచ్చింది పదకొండో రోజు. మధ్యలో ఎవరిదో సభ. ఫోన్ ఎత్తడు, పోయి నిలబడాలి. పెద్ద జెండాకి వచ్చేసరికి నీలం తాను అయిపోయి ఇంకో తానులోంచి కోశాడు. రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, అడిగితే తప్ప చెప్పలేదు. పెద్దదానికి నేను వద్దన్నా రింగులు కొట్టాడు, ఇత్తడివి కావు. జులై వానకు తుప్పు పట్టి నీలం మీద గోధుమరంగు చారలు దిగాయి. మీరు పోతే రింగులు వద్దని రాసివ్వండి, నేఫా, తాడు చాలు. బిల్లు ఉండదు. పేపర్ చివర అంకె వేసి చింపి ఇస్తాడు. చిన్నదానికి 450, పెద్దదానికి 900 తీసుకున్నాడు. బేరం చేయలేదు, ఆ కత్తెర పని చూశాక నోరు రాలేదు.

జులైలో హుస్సేన్ సాగర్‌లో ఎగరేశాం. గాలి బాగుంది. గట్టు మీద నుంచి చూస్తే పడవ ఏదో తెలియక ముందే నీలం మీద తెలుపు తెలిసింది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయని మావాళ్ళంటారు, గాలికి అనుకోండి. అంతలో మద్రాసు నుంచి వచ్చిన మా పాత హవల్దార్ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఫుట్‌బాల్ టీమ్ పెట్టారా?" అన్నాడు. ఆయనకది గోల్‌పోస్ట్.

మాకందరికీ అది తోరణమే, ఎందుకంటే మేం బస్సు మీదా బడి గేటు మీదా ప్రభుత్వ కాగితం మీదా రోజూ దాన్ని చూస్తాం. వరంగల్ ఎరగనివాడికి రెండు నిలువులు, ఒక అడ్డం. తగ్గించడం ఎంత దాకా అనేది ఇక్కడ తేలింది, మాస్టర్ ఒక అడుగు ఎక్కువ పోయాడు. వెనక్కొచ్చాక సందులో నిలబడి ఈ మాట చెబితే ఆయన నొచ్చుకోలేదు. సుద్దతో బల్ల మీద తోరణం గీశాడు, తుడిచాడు, మళ్ళీ గీశాడు. ఆఖరికి అడ్డ దూలం రెండు చివర్లనూ స్తంభాలకు బయటికి ఒక్కో అంగుళం లాగాడు. అంతే, వరంగల్ వచ్చేసింది. దూలం బయటికొస్తే తోరణం, రాకపోతే గోల్‌పోస్ట్. నమూనాకి కోసిన ముక్కను గుమ్మానికి కండువాల పక్కనే వేలాడదీశాడు. నేనుండగానే ఒకాయన వచ్చి ఇది కొత్త పార్టీయా అని అడిగి పోయాడు.

ఈ సవరించిన జెండాలు ఇంకో మూడు చెప్పాను. వాటిలో ఒకటి కమోడోర్‌ది. కమోడోర్ అంటే యాట్ క్లబ్బుకు అధ్యక్షుడు. మాలో వయసులో పెద్దాయన తనను తానే కమోడోర్‌గా ప్రకటించుకున్నాడు. బ్రిటిష్ పద్ధతి క్లబ్బుల్లో కమోడోర్ జెండా కొస చీలి ఉంటుంది, పావురం తోక లెక్క. వైస్ కమోడోర్‌దీ అదే ఆకారం, పైన కర్రవైపు మూలలో ఒక బంతి. ఆ కిందుండే రియర్ కమోడోర్‌కి రెండు బంతులు. నౌకాదళంలో అడ్మిరల్స్ జెండాల నుంచి వచ్చిన వరస అది.

"అంటే బంతులు పెరిగితే కుర్సీ కిందికా?" అన్నాడు మాస్టర్.

అవునన్నాను.

"మా కాడ ఉల్టా సార్. చిన్న లీడర్‌కు చిన్న ఫోటో, పెద్ద లీడర్‌కు పెద్ద ఫోటో" అని నవ్వి, చీలిక దగ్గర లోపలి మూల చిరగకుండా ఒక చిన్న అర్ధచంద్రం ముక్క అతకాలని గుర్తు పెట్టుకున్నాడు. ఆ సంగతి నేను చెప్పలేదు, నాకే తెలియదు.

కమోడోర్ జెండా వచ్చే వారం అంటున్నాడు, అంటే నెల. వైస్ కమోడోర్ ఎవరో మావాళ్ళు ఇంకా తేల్చలేదు, ఇద్దరు పోటీలో ఉన్నారు. మాస్టర్ మాత్రం రూపాయి బిళ్ళ పెట్టి గీసి తెల్ల బంతులు మూడు కోసి, గుండీల డబ్బాలో పడేసి పెట్టుకున్నాడు.